టిన్ ప్లేటింగ్ చేయడం ఎలా: ఒక రాగి పట్టీతో మొదలుపెడదాం

బోరు మోటార్ స్టార్టర్ డబ్బా మూత తీసి చూడండి. కేబుల్ చివర బోల్టు కింద బిగించిన లగ్గు తెల్లగా, కాస్త బూడిద రంగు కలిసినట్టు ఉంటుంది. అల్యూమినియం అని పొరబడేవాళ్లు చాలామంది. బ్లేడుతో కొంచెం గీకితే చాలాసార్లు కింద ఎర్రటి రాగి బయటపడుతుంది. పైన తెల్లగా ఉన్నది తగరం, అంటే టిన్. దాని మందం మామూలుగా ఐదు నుంచి పది మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తల వెంట్రుక మందంలో పదో వంతు అనుకోండి.

ఆ పలచటి పొర లేకపోతే ఏమవుతుంది? గాలి, తేమ తగిలి రాగి ముందు నల్లబడుతుంది, తర్వాత పచ్చగా చిలుము పడుతుంది. చిలుములోంచి కరెంటు సరిగా పారదు. బోల్టు దగ్గర వేడి పుడుతుంది, ఆ వేడికి కేబుల్ తొడుగు మెత్తబడి కాలుతుంది, చివరికి సరిగ్గా నీళ్లు కావలసిన రోజే ఒక ఫేజు పోతుంది. తగరం అంత తొందరగా పాడవదు. పైగా మెత్తటి లోహం కాబట్టి బోల్టు బిగించగానే నలిగి, పైనున్న సన్నటి గీతల్లోకి సర్దుకుని, రెండు ముఖాలూ బాగా ఆనుకునేలా చేస్తుంది. టంకం కూడా దానికి ఇట్టే పట్టుకుంటుంది.

ఈ పూతను కరెంటుతో ఎలా వేయాలో, పాలిటెక్నిక్ ల్యాబులోనో చిన్న వర్క్‌షాపులోనో చేసుకునే స్థాయిలో చెబుతాను. మొదలుపెట్టే ముందు ఒక మాట. ప్లేటింగ్ చేయించుకోవడానికి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది "బాగా మెరవాలి" అని. తగరం విషయంలో మెరుపు నాణ్యతకు గుర్తు కాదు. పూత పట్టు ఎలా ఉంది, మందం ఎంత, దాని కింద ఏ లోహం ఉంది, ఈ మూడూ చూడాలి. మెరుపు కోసమే పట్టుబడితే కొన్ని పనుల్లో నష్టం కూడా ఉంది. అది ముందుకెళ్లాక వివరంగా చెబుతాను.

తొట్టిలో జరిగేది

తగరం ఉప్పు కరిగిన ఆమ్ల ద్రావణంలో రెండు తగరం పలకలు వేలాడదీసి డీసీ సప్లయ్ ప్లస్‌కు కలుపుతాం. వాటి మధ్యలో మన జాబ్‌ను, అంటే పూత వేయాల్సిన వస్తువును, మైనస్‌కు కలిపి వేలాడదీస్తాం. స్విచ్ వేయగానే పలకల్లోని తగరం పరమాణువులు రెండేసి ఎలక్ట్రాన్లు వదిలేసి అయాన్లుగా ద్రావణంలోకి దిగుతాయి. ద్రావణంలో అప్పటికే ఉన్న అయాన్లు జాబ్ దగ్గరకు చేరి, రెండేసి ఎలక్ట్రాన్లు తీసుకుని మళ్లీ లోహమై అక్కడే పేరుకుంటాయి. పలకలో కరిగినంత జాబ్ మీద చేరుతుంది, ద్రావణంలో తగరం దాదాపు అలాగే ఉంటుంది.

ఎంత పేరుకుంటుందన్నది ఫారడే సూత్రం చెబుతుంది. ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు పారితే 2.21 గ్రాముల తగరం దిగుతుంది. దీన్ని పనికొచ్చే లెక్కగా మార్చుకుంటే: ఒక చదరపు డెసిమీటరు, అంటే 100 చదరపు సెంటీమీటర్ల వైశాల్యానికి ఒక ఆంపియర్ చొప్పున ఇస్తే నిమిషానికి అర మైక్రాను పూత వస్తుంది. ఈ ఒక్క లెక్క కంఠతా పెట్టుకోండి. రెండు ఆంపియర్లు ఇస్తే నిమిషానికి ఒక మైక్రాను. మిగతా గుణింతాలన్నీ దీని నుంచే వస్తాయి.

తొట్టిలోని ఈ ద్రావణాన్ని బాత్ అంటారు. మనం వాడేది ఆమ్ల బాత్, క్షార బాత్ అని ఇంకో రకం ఉంది. సోడియం స్టానేట్‌తో చేస్తారు, 65 నుంచి 85 డిగ్రీల వేడిలో నడుస్తుంది. మూలమూలలకూ పూత బాగా చేరడంలో అది ఆమ్ల బాత్ కంటే మేలు. కానీ అందులో తగరం అయాను నాలుగు ఎలక్ట్రాన్లు అడుగుతుంది, కాబట్టి అదే కరెంటుకు సగమే పూత వస్తుంది. పైగా తగరం పలకల మీద పసుపు-ఆకుపచ్చ రంగు పొర ఏర్పడి నిలవాలి, అది చెదిరితే పూత గరుకుగా, స్పాంజిలా వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు దాని జోలికి పోకండి. గది వేడిలో నడిచే ఆమ్ల సల్ఫేట్ బాత్‌తోనే మొదలుపెట్టండి.

ముందే తేల్చుకోవలసినవి

జాబ్ ఏ లోహం, అది ఎక్కడ పని చేస్తుంది అన్నవి తెలియకుండా తొట్టి దగ్గరకు వెళ్లొద్దు. రాగి అయితే నేరుగా తగరం వేయొచ్చు. ఇత్తడి అయితే వేయకూడదు. ఇత్తడిలోని జింకు నెమ్మదిగా తగరంలోంచి పైకి పాకుతుంది. కొన్ని నెలలకు పూత మచ్చలు పడి, టంకం పట్టడం మానేస్తుంది. అందుకే ఇత్తడి మీద ముందు రెండు మూడు మైక్రాన్ల నికెల్ గానీ రాగి గానీ వేసి, దానిపైన తగరం వేస్తారు. బేరం కుదరక ఈ పొర ఎగ్గొట్టేవాళ్లు ఉన్నారు. జాబ్ చేతికొచ్చిన రోజు రెండింటికీ తేడా కనిపించదు, ఏడాది తర్వాత కనిపిస్తుంది. ఇత్తడి టెర్మినళ్లకు ప్లేటింగ్ ఆర్డర్ ఇస్తుంటే నికెల్ పొర సంగతి కాగితం మీద రాయించుకోండి.

ఇనుము, ఉక్కు మీద నేరుగా వేయొచ్చు గానీ ఒక చిక్కు ఉంది. ఆరుబయట తగరం ఇనుమును కాపాడే తీరు జింకు కాపాడే తీరు లాంటిది కాదు. జింకు తాను కరిగిపోయి ఇనుమును నిలబెడుతుంది. తగరం పొరలో సూదిమొన అంత రంధ్రం ఉన్నా అక్కడ ఇనుమే ముందు తుప్పు పడుతుంది. కాబట్టి ఉక్కు మీద తగరం మందంగా ఉండాలి. అల్యూమినియానికి జింకేట్ అనే వేరే ప్రక్రియ, ఆపైన రాగి లేదా నికెల్ పొర కావాలి. అది మొదటి ప్రయత్నానికి తగిన పని కాదు.

మందం విషయానికొస్తే, రాగి మీద గదిలో పొడిగా ఉండే చోటికి 5 మైక్రాన్లు సరిపోతుంది. కొంచెం తేమ తగిలే చోటికి 8, ఆరుబయట వాడేవాటికి 15, బాగా కఠినమైన చోటికి 30 వరకూ వేస్తారు. టంకం పెట్టే పిన్నులకు 8 నుంచి 10 అయినా ఉండాలి. ఎందుకంటే రాగి, తగరం ఒకదాన్నొకటి ముట్టుకున్న చోట రెండూ కలిసి గట్టి మిశ్రమ పొర నెమ్మదిగా పెరుగుతుంది. పైనున్న తగరమంతా అలా మిశ్రమంగా మారిపోతే టంకం పట్టదు. మూడు మైక్రాన్లు వేసిన పిన్ను గోడౌన్‌లో ఏడాది ఉన్నాక టంకం జారిపోవడానికి కారణం ఇదే.

కావలసిన సామాను

మనం 10 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రాగి పట్టీకి 8 మైక్రాన్ల పూత వేద్దాం. రెండు ముఖాలూ కలిపితే సరిగ్గా 100 చదరపు సెంటీమీటర్లు, లెక్క తేలిక. పై అంచున చిన్న బెజ్జం వేసి రాగి తీగతో వేలాడదీయండి.

రెండు లీటర్లు పట్టే గాజు బీకరు లేదా పాలీప్రొపిలీన్ డబ్బా కావాలి. ఇనుప పాత్రలు, అల్యూమినియం పాత్రలు దగ్గరకు రానీయకండి. కరెంటుకు 0 నుంచి 12 ఓల్టులు, 5 ఆంపియర్ల వరకు ఇచ్చే రెగ్యులేటెడ్ డీసీ సప్లయ్ సరిపోతుంది. కరెంటును స్థిరంగా పట్టి ఉంచే సౌకర్యం ఉన్నదే తీసుకోండి. మొబైల్ ఛార్జర్‌తో కూడా అవుతుందంటారు గానీ, ఎంత కరెంటు పారుతోందో తెలియకుండా చేసే ప్లేటింగ్‌లో మందానికి హామీ లేదు.

తగరం పలకలు 99.9 శాతం శుద్ధమైనవి ప్లేటింగ్ సామాను అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతాయి. టంకం తీగను చుట్టి పలకగా వాడొద్దు. పాత రకం టంకంలో దాదాపు 40 శాతం సీసమే. పలకలను పాలీప్రొపిలీన్ గుడ్డ సంచుల్లో పెట్టండి, అవి కరిగేటప్పుడు రాలే నలుసులు జాబ్ మీద అతుక్కోకుండా ఉంటాయి. పలకను వేలాడదీసే రాగి కొక్కెం ద్రావణంలో మునగకూడదు. మునిగితే తగరంతో పాటు రాగీ కరిగి బాత్ పాడవుతుంది. ఇవి కాక కళ్లద్దాలు, ఆమ్లానికి తట్టుకునే చేతి తొడుగులు, ఏప్రన్, పక్కనే నీళ్ల పంపు, గాలి బాగా ఆడే గది. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా పని వాయిదా వేసుకోండి.

ద్రావణం కలపడం

ఒక లీటరుకు కొలతలు ఇవి. రెండు లీటర్లకు రెట్టింపు చేసుకోండి.

డీఎం వాటర్ (ఖనిజాలు తీసేసిన నీళ్లు): ముందు 700 మిల్లీలీటర్లు, చివర్లో లీటరుకు సరిపెట్టుకోవాలి
గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం: 60 మిల్లీలీటర్లు
స్టానస్ సల్ఫేట్ (తగరం ఉప్పు): 40 గ్రాములు
మ్యాట్ టిన్ అడిటివ్ (మెరుపు లేని నున్నటి పూత వచ్చేలా కలిపే మందు): తయారీదారు డేటా షీటులో చెప్పినంత

ముందు నీళ్లు పోయండి. ఆ నీళ్లలోకి ఆమ్లాన్ని సన్నటి ధారగా, గాజు కడ్డీతో కలుపుతూ పోయండి. ఆమ్లంలోకి నీళ్లు ఎప్పుడూ పోయకండి, ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిందుతుంది. ఇలా పోసినా ద్రావణం బాగా వేడెక్కుతుంది. చల్లారేదాకా ఆగండి. గది వేడికి వచ్చాక స్టానస్ సల్ఫేట్ కొద్దికొద్దిగా వేసి కలపండి. ఆ పొడి తెల్లగా ఉండాలి. పసుపు తిరిగి గడ్డకట్టి ఉంటే సీసా పాతదని అర్థం. కలిపాక కొంచెం పాలవిరుగుడులా మసకగా కనిపిస్తే ఫిల్టర్ కాగితంలో వడకట్టండి. అడిటివ్ చివర్న కలపాలి.

అడిటివ్ లేకుండా చేస్తే ఏమవుతుందో ఒకసారి చూడటం మంచిదే, చిన్న బీకరులో ప్రయత్నించండి. తగరం నున్నటి పొరగా రాదు. అంచుల నుంచి సూదుల్లా, చెట్టు కొమ్మల్లా స్ఫటికాలు పెరుగుకుంటూ పలక వైపు సాగుతాయి. చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది, పూతగా మాత్రం పనికిరాదు. వేలితో తుడిస్తే రాలిపోతుంది. అడిటివ్‌లోని సేంద్రియ పదార్థాలు పెరుగుతున్న మొనల మీద చేరి వాటిని అడ్డుకుంటాయి, అందువల్లే పూత అన్నిచోట్లా సమంగా, చిన్న రేణువులతో వస్తుంది. పాతకాలపు పుస్తకాల్లో జెలటిన్, బీటా నాఫ్తాల్ కలిపే పద్ధతి ఉంది. ఇప్పుడు తయారు అడిటివ్‌లు సులువుగా దొరుకుతుంటే వాటితో ఇబ్బంది పడనక్కర్లేదు.

ఈ బాత్ 18 నుంచి 25 డిగ్రీల మధ్య బాగా నడుస్తుంది. మన ఏప్రిల్, మే నెలల్లో షెడ్డులోనే 40 డిగ్రీలుంటుంది కాబట్టి బీకరును ఐసు నీళ్ల టబ్బులో పెట్టండి. వేడి పెరిగితే అడిటివ్ త్వరగా పాడవుతుంది, ద్రావణంలోని తగరం గాలిలో ఆక్సిజన్‌తో కలిసి పనికిరాని రూపంలోకి మారిపోతుంది.

శుభ్రం చేయడం

ప్లేటింగ్ బాగా రావడం, రాకపోవడం సగానికి పైగా ఇక్కడే తేలిపోతుంది. ఊడిపోయిన పూత తెచ్చి కెమికల్ బాగోలేదనో, కరెంటు ఎక్కువైందనో అనేవాళ్లు చాలామంది. ఎక్కువసార్లు కారణం నూనె. ప్రెస్సులో కొట్టేటప్పుడు అంటిన ఆయిల్, బఫింగ్ (మెరుగు పెట్టడం) చేసినప్పుడు అద్దిన మైనం, చివరికి మన వేలిముద్ర కూడా తగరానికీ రాగికీ మధ్య అడ్డుగోడే.

పట్టీని ముందు సన్న ఎమరీ కాగితంతో గానీ స్కాచ్‌బ్రైట్‌తో గానీ ఒకే దిశలో రుద్దండి. అంచుల్లో పదును, బర్రులు (కోసిన చోట మిగిలే లోహపు మొనలు) ఉంటే తీసేయండి, కరెంటు మొనల దగ్గరే గుమిగూడుతుంది. తర్వాత లీటరు నీటిలో 30 గ్రాముల చాకలి సోడా, 30 గ్రాముల ట్రైసోడియం ఫాస్ఫేట్ కరిగించి, 60-70 డిగ్రీలకు వేడిచేసి, పట్టీని ఐదు నిమిషాలు ముంచి ఉంచండి. తీసి బ్రష్‌తో తోమి, పారే నీటిలో కడగండి. ఇక్కడి నుంచి చేతి తొడుగు లేకుండా పట్టీని తాకకూడదు.

ఇప్పుడు నీటి పరీక్ష. పట్టీని శుభ్రమైన నీటిలో ముంచి పైకి తీసి నిలువుగా పట్టుకుని ముప్పై సెకన్లు చూడండి. నీరు మొత్తం ముఖం మీద ఒకే పల్చటి తెరలా, ఎక్కడా తెగకుండా నిలబడితే జిడ్డు పోయిందని అర్థం. ఎక్కడైనా తెర చీలి, నీళ్లు బొట్లుబొట్లుగా విడిపోతే అక్కడ ఇంకా నూనె ఉంది. మళ్లీ సోడా నీళ్లలోకి వెళ్లాల్సిందే. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, పరికరం అక్కర్లేదు. అయినా రద్దీగా ఉన్న షాపుల్లో ముందుగా మానేసేది దీన్నే. మీరు మాత్రం మానకండి.

జిడ్డు పోయాక, నీటిలో పదో వంతు సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో పట్టీని అర నిమిషం నుంచి నిమిషం దాకా ముంచండి. రాగి మీది ఆక్సైడ్ పొర కరిగి లేత గులాబీ రంగు తేలుతుంది. బాత్‌లో ఉన్నదీ సల్ఫ్యూరిక్ ఆమ్లమే కాబట్టి ఒకటి రెండు చుక్కలు అంటుకుని వెళ్లినా నష్టం లేదు. కడిగిన వెంటనే, తడి ఆరకముందే బాత్‌లోకి వెళ్లాలి. ఫోను మోగిందని పక్కన పెడితే మళ్లీ ఆక్సైడ్ పడుతుంది.

కరెంటు ఇవ్వడం

తగరం పలకలు బీకరు రెండు పక్కలా, పట్టీ మధ్యలో, రెండింటికీ సమాన దూరంలో ఉండాలి. ఒకవైపే పలక పెడితే అటువైపు పూత మందంగా, ఇటువైపు పలచగా వస్తుంది. పలకల మొత్తం వైశాల్యం పట్టీ వైశాల్యానికి సమానంగా గానీ, రెట్టింపు దాకా గానీ ఉండనివ్వండి.

ఎర్ర తీగ తగరానికి, నల్ల తీగ పట్టీకి. స్విచ్ వేసే ముందు ఇంకోసారి చూసుకోండి. తారుమారైతే పట్టీలోని రాగి బాత్‌లోకి కరుగుతుంది, ఆ తర్వాత వేసిన ప్రతి జాబ్ మీదా నల్లటి మచ్చలు వస్తాయి. సప్లయ్‌ను ఒక ఆంపియర్‌కు పెట్టి ఆన్ చేసి, కరెంటు ఉండగానే పట్టీని ముంచండి. ఉక్కు జాబ్‌లకైతే ఇది తప్పనిసరి. కరెంటు లేకుండా ఆమ్ల బాత్‌లో ముంచిన ఉక్కు మీద తగరం దానంతటదే వదులుగా అంటుకుని, పైన వచ్చే పూత పట్టును చెడగొడుతుంది.

ఎనిమిది మైక్రాన్లకు లెక్కప్రకారం 16 నిమిషాలు. కొంచెం నష్టం ఉంటుంది కాబట్టి 17 నిమిషాలు ఉంచండి. ఈలోపు పట్టీని మెల్లగా అటూ ఇటూ కదిలించండి, లేదా మాగ్నెటిక్ స్టిరర్‌ను నెమ్మదిగా తిప్పండి. అక్వేరియం పంపుతో గాలి బుడగలు పంపొద్దు. రాగి ప్లేటింగ్‌లో గాలి కలపడం మామూలే గానీ, తగరం బాత్‌కు గాలి పడదు. గాలిలోని ఆక్సిజన్‌కు ద్రావణంలోని తగరం అయాన్లు ఇంకో రెండేసి ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని, తెల్లటి బురదగా అడుగుకు దిగుతాయి.

గమనిస్తే మొదటి నిమిషంలోనే గులాబీ రంగు పోయి పాలరాతి తెలుపు కమ్ముకుంటుంది. పట్టీ మీద అక్కడక్కడా చిన్న బుడగలు కనిపించడం మామూలే. బుస్సుమని బుడగలు వస్తూ అంచులు నల్లబడుతుంటే కరెంటు ఎక్కువైంది, వెంటనే తగ్గించండి.

తీశాక రెండు నీళ్లలో కడిగి, లీటరుకు 30 గ్రాముల ట్రైసోడియం ఫాస్ఫేట్ కలిపిన నీటిలో అర నిమిషం ముంచండి. రేణువుల మధ్య దాక్కున్న ఆమ్లం విరిగిపోతుంది. ఈ అడుగు వదిలేస్తే వారం పది రోజులకు పసుపు మచ్చలు పడతాయి. మళ్లీ కడిగి, వేడి డీఎం నీటిలో నిమిషం ఉంచి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టండి.

వచ్చిందో లేదో చూసుకోవడం

ప్లేటింగ్‌కు ముందు, తర్వాత పట్టీని తూచండి. 0.01 గ్రాము దాకా చూపే కాటా చాలు. 100 చదరపు సెంటీమీటర్లకు 0.073 గ్రాములు పెరిగితే ఒక మైక్రాను. మన పట్టీ 0.58 గ్రాములు పెరగాలి. అయితే ఇది సగటు మందమే. అంచుల్లో ఎక్కువ, మధ్యలో తక్కువ ఉంటుంది. కచ్చితంగా ఒక్కో చోట తెలియాలంటే ఎక్స్‌రే మందం మీటరు కావాలి, పెద్ద షాపుల్లో ఉంటుంది. పట్టు చూడటానికి అదే పద్ధతిలో చేసిన ఒక పనికిరాని ముక్కను విరిగేదాకా ముందుకూ వెనక్కూ వంచండి. విరిగిన చోట పూత పొరలుగా లేస్తే శుభ్రం చేయడంలో లోపం ఉంది.

మిగతా లోపాలు గుర్తుపట్టడం కష్టం కాదు. అంచులు నల్లగా, పొడిపొడిగా ఉంటే కరెంటు ఎక్కువ లేదా ద్రావణంలో తగరం తక్కువ. లోతైన చోట్ల నల్లటి నీడలా వస్తే బాత్‌లో రాగి చేరింది. పనికిరాని పెద్ద రేకును వేలాడదీసి, చదరపు డెసిమీటరుకు 0.3 ఆంపియర్ల దాకా తక్కువ కరెంటుతో కొన్ని గంటలు నడిపితే ఆ మలినం రేకు మీదికి దిగిపోతుంది. పూత చేతికి గరుకుగా తగిలితే నలుసులున్నాయి, వడకట్టండి. ద్రావణం పాలలా తెల్లబడితే తగరం ఆక్సీకరణ చెందింది, చాలా ఆలస్యం కాకముందే వడకట్టి తగరం ఉప్పు కొంత కలపాలి. షాపుల్లో 267 మిల్లీలీటర్ల హల్ సెల్ అనే ఏటవాలు డబ్బాలో ఒక రేకు వేసి చూస్తారు. ఆ ఒక్క రేకు మీదే తక్కువ నుంచి ఎక్కువ దాకా అన్ని కరెంటులకూ పూత ఎలా వస్తుందో కనబడుతుంది.

మెరుపు సంగతి

బాత్‌లో బ్రైటనర్ (మెరుపు తెచ్చే అడిటివ్) ఎక్కువ వేస్తే తగరం అద్దంలా వస్తుంది. ఆ బ్రైటనర్‌లోని సేంద్రియ పదార్థం కొంత పూతలోనే చిక్కుకుంటుంది, పూత లోపల ఒత్తిడి పెరుగుతుంది. అలాంటి పూత నుంచి నెలలకో ఏళ్లకో తగరం మీసాలు మొలుస్తాయి. కంటికి సరిగా కనిపించని సన్నటి లోహపు వెంట్రుకలవి, కొన్ని మైక్రాన్ల మందమే ఉన్నా ఒక్కోసారి మిల్లీమీటర్ల పొడవు పెరుగుతాయి. సర్క్యూట్ బోర్డులో పక్కపక్క పిన్నులను కలిపి షార్ట్ చేస్తాయి. 1998 మే నెలలో గెలాక్సీ 4 అనే ఉపగ్రహం అదుపు తప్పి, అమెరికాలో కోట్లాది పేజర్లు మూగబోయాయి. దాని నియంత్రణ ప్రాసెసర్‌లో షార్ట్‌కు తగరం మీసమే కారణమని తేల్చారు.

పూర్వం తగరంలో కొద్దిగా సీసం కలిపితే ఈ బెడద దాదాపు ఉండేది కాదు. యూరప్ 2006లో ఎలక్ట్రానిక్స్‌లో సీసాన్ని కట్టడి చేశాక చాలామంది మళ్లీ శుద్ధ తగరానికే మళ్లారు. అందుకే ఇప్పుడు ఎలక్ట్రానిక్ పిన్నులకు పెద్ద రేణువులుండే మ్యాట్ టిన్ వాడతారు, కింద నికెల్ పొర వేస్తారు, ప్లేటింగ్ అయిన 24 గంటల్లోపు 150 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చి లోపలి ఒత్తిడి తగ్గిస్తారు. మీసాలు పూర్తిగా ఆగుతాయని చెప్పలేం గానీ బాగా తగ్గుతాయి. కాబట్టి ఎలక్ట్రానిక్ జాబ్ తెచ్చి మెరవాలని అడిగే కస్టమర్‌కు ఈ విషయం విడమరచి చెప్పండి. మీటరు బోర్డు లగ్గుకు, కరెంటు పంచే లోహపు పట్టీ అయిన బస్‌బార్‌కు మెరుపు ఉన్నా పెద్ద ప్రమాదం లేదు, అలాగని దానివల్ల అదనపు లాభమూ లేదు.

డబ్బాలు, వంట పాత్రలు

తగరం ప్లేటింగ్ ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా జరిగేది రేకు డబ్బాల కోసం. రేకు డబ్బాలో ఆహారం నిల్వ ఉంచే పద్ధతికి ఇంగ్లండ్‌లో 1810లో పీటర్ డ్యూరాండ్ పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్లో ఇనుప రేకును కరిగిన తగరంలో ముంచేవారు, తగరం బోలెడు ఖర్చయ్యేది. రెండో ప్రపంచ యుద్ధంలో మలయా (ఇప్పటి మలేషియాలో భాగం) జపాన్ చేతికి పోయి తగరం కరువయ్యేసరికి అమెరికా పెద్ద ఎత్తున ఎలక్ట్రోప్లేటింగ్‌కు మళ్లింది. ఇప్పుడు రేకుకు ఒక్కో వైపు చదరపు మీటరుకు 2.8 గ్రాముల తగరం వేసే గ్రేడు బాగా వాడుకలో ఉంది, మందం లెక్కగడితే అర మైక్రాను కూడా రాదు. మన దేశంలో ఈ రేకు జంషెడ్‌పూర్ గోల్మురిలో 1920ల నుంచి తయారవుతోంది. కిరాణా కొట్లో కనిపించే 15 కిలోల నూనె డబ్బా ఇలాంటి రేకుతోనే చేస్తారు.

ఇందాక ఆరుబయట తగరం జింకులా ఇనుమును కాపాడదని చెప్పాను కదా. మూసిన డబ్బా లోపల పండ్ల రసాల్లాంటి పులుపు ఉన్నప్పుడు వ్యవహారం తిరగబడుతుంది. అక్కడి ఆమ్లాలు తగరం అయాన్లను పట్టి బంధిస్తాయి, దాంతో తగరమే తాను కరుగుతూ ఇనుమును కాపాడుతుంది. మూత తెరిచి గాలి తగిలాక తగరం ఇంకా త్వరగా కరుగుతుంది. అందుకే తెరిచిన డబ్బాలో మిగిలింది వేరే గిన్నెలోకి మార్చుకోమంటారు.

ఇది చదివి ఇంట్లో ఇత్తడి గిన్నెకు ఈ బాత్‌లో తగరం వేద్దామనుకోకండి. మన కళాయి పద్ధతి వేరు. గిన్నెను కాల్చి, నవాసారం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో రుద్దుతారు. తగరం లోహంతో కలిసిపోయి మందంగా, రంధ్రాలు లేకుండా కూర్చుంటుంది. చింతపండు పులుసు కాచే పాత్రకు అదే సరైన పని. ప్లేటింగ్ పూతలో సన్నటి రంధ్రాలుంటాయి, అడిటివ్ అవశేషాలుంటాయి, అది తిండి తగిలే పాత్రకు పనికిరాదు. కళాయి వేసిన పాత్రనైనా ఖాళీగా పొయ్యి మీద ఉంచొద్దు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది.

బాత్‌ను దాచడం, పారబోయడం

పని అయ్యాక ద్రావణాన్ని వడకట్టి, అంచుదాకా నింపిన ప్లాస్టిక్ డబ్బాలో బిగించి చల్లటి చోట పెట్టండి. డబ్బాలో గాలికి చోటు తక్కువ ఉంటే తగరం ఎక్కువ కాలం నిలుస్తుంది. డబ్బా మీద పేరు, తేదీ, "ఆమ్లం" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి.

పాడైన బాత్‌ను, ఆమ్లం కడిగిన నీళ్లను కాలువలో పోయకూడదు. తొడుగులు వేసుకుని సున్నపు తేటగానీ చాకలి సోడాగానీ కొద్దికొద్దిగా కలుపుతూ, పీహెచ్ కాగితం మీద 8 నుంచి 9 మధ్యకు వచ్చేదాకా చూడండి. నురుగు పొంగుతుంది కాబట్టి పెద్ద బకెట్‌లో చేయండి. తగరం తెల్లటి బురదగా దిగుతుంది. ఒక రాత్రి కదపకుండా ఉంచి, ఆ బురదను వడకట్టి ఎండబెట్టి విడిగా దాచండి. ప్లేటింగ్ బురద ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉంది, చెత్తబండికి వేయడానికి వీల్లేదు. కాలేజీ ల్యాబు అయితే మిగతా రసాయన వ్యర్థాలతో కలిపి అప్పగించండి. దీన్నే వ్యాపారంగా మొదలుపెట్టాలనుకుంటే తొట్టి కొనకముందే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోండి, నీళ్లు శుద్ధిచేసే ఏర్పాటుకు పెట్టుబడిలోనే లెక్క వేసుకోండి, బురదను హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లోనో విశాఖ దగ్గర పరవాడలోనో ఉన్న వ్యర్థాల కేంద్రానికి పంపేలా ముందే ఒప్పందం చేసుకోండి.